సాల్వెంట్ గాలి పరిమితిలో ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

బల్క్ డ్రగ్ కంపెనీల్లో, అంటే మందుల ముడిపదార్థాలు తయారుచేసేచోట, కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "మొదటి వారం తల పట్టేస్తుంది, తర్వాత అలవాటైపోతుంది." అలవాటయ్యేది ముక్కు ఒక్కటే. కాలేయం, మూత్రపిండాలు, నరాలు ఏదీ అలవాటు పడదు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, ఎక్కడైనా సరే, సాల్వెంట్ బ్లాకులో, అంటే ఇతర పదార్థాలను కరిగించే, తేలిగ్గా ఆవిరయ్యే ద్రవాలు వాడే విభాగంలో, పని అంటే ఎనిమిది గంటలు, చాలాచోట్ల పన్నెండు గంటలు అదే గాలి పీల్చాలి. ఆ గాలిలో ఏది ఎంతవరకు ఉండొచ్చు అన్నదానికి చట్టంలో అంకెలున్నాయి. 1984లో భోపాల్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, రెండో షెడ్యూల్‌గా ఒక పట్టికను చేర్చారు. చాలా కంపెనీల్లో ఆ పట్టిక సేఫ్టీ ఆఫీసర్ ఫైల్లోనే ఉండిపోతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి గానీ, సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని, గట్టి పదార్థాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర నిలబడే హెల్పర్‌కి గానీ అది తెలియదు.

ఈ పద్ధతి షిఫ్ట్ ఇన్‌చార్జులకూ, చిన్న యూనిట్ నడిపేవాళ్లకూ, రిపోర్టు చేతికొస్తే అందులో ఏముందో అర్థం చేసుకోవాలనుకునే కార్మికులకూ పనికొస్తుంది. పెయింట్ షాపు, ప్రింటింగ్ ప్రెస్సు, రెసిన్ యూనిట్లలోనూ లెక్క ఇదే. మొదటినుంచి చివరిదాకా గుర్తుంచుకోవాల్సింది ఒకటే. బ్లాకులో గాలి ఎలా ఉంది అని అడిగితే సగం జవాబే వస్తుంది. ఫలానా మనిషి, ఫలానా పని చేస్తూ, ఎంతసేపు, ఎంత పీల్చాడు అని అడగాలి.

ముందు ఏమేం ఉన్నాయో రాసుకోండి

స్టోర్స్ రిజిస్టర్, బ్యాచ్ రికార్డు దగ్గర పెట్టుకుని బ్లాకులోకి వచ్చే ప్రతి ద్రవం, పొడి, వాయువు పేరు రాయండి. రియాక్టర్ కడగడానికి వాడేది, డ్రమ్ములు కడిగేది, క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబులో వాడేది కూడా రాయండి. జనం మరిచిపోయేవి ఎక్కువగా ఇవే.

తర్వాత రిజిస్టర్‌లో కనిపించనివి రాయాలి. అంటే పని జరుగుతుండగా పుట్టేవి. థయోనిల్ క్లోరైడ్ వాడితే హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ రెండూ వస్తాయి. సోడియం సల్ఫైడ్ ఉన్న వేస్ట్ నీళ్లలో ఈటీపీ (వ్యర్థ నీళ్ల శుద్ధి ప్లాంటు) దగ్గర ఎవరైనా యాసిడ్ కలిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. దీన్ని ఎవరూ కొనరు, ఎక్కడా ఎంట్రీ ఉండదు, కానీ జాబితాలో అన్నిటికంటే తొందరగా ప్రాణం తీసేది ఇదే.

ప్రతి పేరు పక్కన క్యాస్ నంబర్, అంటే ఒక్కో రసాయనానికి ప్రపంచమంతటా ఉండే ఒకే గుర్తింపు సంఖ్య, రాయండి. టోలీన్‌కి 108-88-3, మిథనాల్‌కి 67-56-1. ఒకే సరుకును ఒక్కో సప్లయర్ ఒక్కో పేరుతో పంపుతాడు కాబట్టి నంబర్ ఉంటే పొరపాటు జరగదు. ఆ నంబర్‌తో సేఫ్టీ డేటా షీట్ తెప్పించండి. మనవాళ్లు ఇప్పటికీ ఎంఎస్‌డీఎస్ అనే అంటారు. పదహారు భాగాల్లో ఎనిమిదోది చూడండి, గాలిలో పరిమితి అక్కడే ఉంటుంది. తొమ్మిదో భాగంలో మరిగే ఉష్ణోగ్రత, ఆవిరి పీడనం ఉంటాయి. ఏది ఎంత తొందరగా గాలిలో కలుస్తుందో వాటిని బట్టి తెలుస్తుంది. మే నెలలో షెడ్డు లోపల నలభై డిగ్రీలు దాటే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

ఏ అంకెను పట్టుకోవాలి?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. టోలీన్ షీట్ తెరిస్తే అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా అంకె 200 పీపీఎం అని ఉంటుంది. పీపీఎం అంటే గాలిలో పది లక్షల భాగాల్లో ఆ పదార్థం ఎన్ని భాగాలో. మన రెండో షెడ్యూల్లో 100. అమెరికాలోనే ఏసీజీఐహెచ్ అనే నిపుణుల సంఘం 2007 నుంచి చెబుతున్నది 20. ఒకే ద్రవం, ఒకే ముక్కు, మూడు అంకెలు! దీనికి కారణం ఉంది. ఓషా అంకెల్లో ఎక్కువ భాగం 1970ల మొదట్లో పెట్టినవి, వాటిని మార్చాలంటే పెద్ద తతంగం. మన పట్టిక 1980ల నాటిది. ఏసీజీఐహెచ్‌ది చట్టం కాదు, సలహా మాత్రమే. అందుకే కొత్త పరిశోధనలను బట్టి దాన్ని తొందరగా మార్చగలుగుతారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి మన పట్టికలో ఎనిమిది గంటల సగటు 10 అయితే, ఏసీజీఐహెచ్ 2010 నుంచి 1 అంటోంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చట్టంలో ఉన్న అంకె దాటితే నేరం, కాబట్టి అది గడప. కొత్త లైను వేసేటప్పుడు, ఎగ్జాస్ట్ డిజైన్ చేసేటప్పుడు పెట్టుకోవాల్సిన లక్ష్యం మాత్రం ఉన్నవాటిలో అన్నిటికంటే తక్కువ అంకె. "చట్టప్రకారం వందదాకా ఉండొచ్చు కదా" అనే వాదన ఆడిట్‌లో నిలబడుతుందేమో గానీ, ఇరవై ఏళ్లు అదే గాలి పీల్చినవాడి దగ్గర నిలబడదు.

ఒక మార్పు కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ పరిమితులను రాష్ట్ర ప్రభుత్వం నియమాల ద్వారా నిర్ణయిస్తుంది. మీ రాష్ట్ర నియమాల్లో ఏ అంకె ఉందో చూసుకోండి. ఇక్కడ లెక్కలకు వాడుతున్నవి రెండో షెడ్యూల్ అంకెలు.

మన ఫార్మా బ్లాకుల్లో తరచూ ఎదురయ్యేవి కొన్ని, పీపీఎంలలో ఇస్తున్నాను. మొదటిది ఎనిమిది గంటల సగటు, రెండోది పదిహేను నిమిషాల పరిమితి.

అమ్మోనియా: 25, 35
అసిటోన్: 750, 1000
క్లోరిన్: 1, 3
జైలీన్: 100, 150
టోలీన్: 100, 150
మిథనాల్: 200, 250
సల్ఫర్ డయాక్సైడ్: 2, 5
హైడ్రోజన్ సల్ఫైడ్: 10, 15

ఎనిమిది గంటల సగటును టీడబ్ల్యూఏ అంటారు. పదిహేను నిమిషాల పరిమితిని స్టెల్ అంటారు. స్టెల్ స్థాయికి రోజులో నాలుగుసార్లకు మించి వెళ్లకూడదు, ఒకసారికీ మరోసారికీ మధ్య కనీసం గంట విరామం ఉండాలి. హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి వాటికి సీలింగ్ అని ఉంటుంది, దాని విషయంలో 5 పీపీఎం ఒక్క క్షణం కూడా దాటకూడదు. సగటు తీసి సర్దుకునే వీలు అక్కడ లేదు.

మిథనాల్ పక్కన పట్టికలో "చర్మం" అనే గుర్తు కూడా ఉంటుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి. గాలిలో ఎంత తక్కువ ఉన్నా, తడిసిన గ్లౌజుల్లోంచి, ఒలికి తడిసిన ప్యాంటులోంచి చర్మం ద్వారా శరీరంలోకి వెళుతుందని ఆ గుర్తుకు అర్థం. అలాంటి వాటికి గాలి రిపోర్టు ఒక్కటే చూసి "సేఫ్" అనడం తప్పు.

కొన్ని షీట్లలో అంకె మిల్లీగ్రాముల్లో ఉంటుంది. పీపీఎంను ఆ పదార్థపు అణుభారంతో గుణించి 24.45తో భాగిస్తే ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. టోలీన్ అణుభారం 92.14 కాబట్టి 100 పీపీఎం అంటే సుమారు 377. పట్టికలో దాన్ని 375 అని వేశారు.

మీరు తయారుచేసే మందు పొడికి, అంటే ఏపీఐకి, ఈ పట్టికలో అంకె దొరకదు. లేదు కాబట్టి పరిమితి అక్కర్లేదని కాదు. మందుగా మనిషికి ఇచ్చే మోతాదును, దాని విషప్రభావాన్ని బట్టి కంపెనీ సొంతంగా పరిమితి గానీ, ఓఈబీ బ్యాండ్ (ఎంత తీవ్రమైనదో చెప్పే శ్రేణి) గానీ పెట్టాలి. ఏ బ్యాండ్‌లో ఉందో మీ ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగాన్ని అడగండి. జవాబు రాకపోతే రాతపూర్వకంగా అడగండి.

ఒక షిఫ్టంతా ఒక మనిషి వెంట ఉండండి

మీటర్ చేతిలోకి తీసుకోకముందు చేయాల్సిన పని ఇది. దీనికి ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. నోట్‌బుక్, వాచీ చాలు. ఒక ఆపరేటర్‌నో హెల్పర్‌నో ఎంచుకుని, షిఫ్ట్ మొదటినుంచి చివరిదాకా అతను ఏ టైముకు ఏం చేశాడో రాయండి. రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి పొడి వేయడం, శాంపిల్ తీయడం, సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్, డ్రయ్యర్ ట్రేలు నింపడం, డ్రమ్ములోంచి పంపుతో లాగడం, ఒలికింది తుడవడం.

సెంట్రిఫ్యూజ్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి చూడండి. మూత తీశాక మనిషి నడుము వంచి, తల దాదాపు బుట్ట లోపలికి పెట్టి, స్కూపుతో తడి కేక్ గీకి సంచిలో వేస్తుంటాడు. ఆ కేక్‌లో ఇంకా బోలెడు సాల్వెంట్ ఉంటుంది. చాలాచోట్ల ఎగ్జాస్ట్ గొట్టం అతని తలపైన వేలాడుతుంటుంది. అది బాగానే లాగుతోందనుకోండి, అయినా ఆవిరి బుట్టలోంచి బయలుదేరి అతని ముక్కు మీదుగానే గొట్టంలోకి వెళ్లాలి. ఎగ్జాస్ట్ ఉంది, ఆన్‌లో ఉంది, చెక్‌లిస్ట్‌లో టిక్కు కూడా పడింది. పీల్చడం మాత్రం తగ్గలేదు. ఇలాంటివి ఏ మీటరూ చెప్పదు, దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో మాట. కష్టమైన పని ఎవరికి పడుతోందో గమనించండి. మన ఫ్యాక్టరీల్లో అది ఎక్కువగా కాంట్రాక్ట్ కార్మికులకే పడుతుంది, వాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. శాంపిల్ తీసేరోజు పర్మనెంట్ కెమిస్ట్‌కి పంపు తగిలించి, అన్‌లోడింగ్ చేసే కుర్రాణ్ని వదిలేస్తే ఆ రిపోర్టు ఎందుకూ కొరగాదు.

ఏ మీటర్, ఎక్కడ పెట్టాలి?

ముందు ఒక పెద్ద అపోహను తీసేయాలి. బ్లాకులో గోడకు ఉండే ఎల్ఈఎల్ డిటెక్టర్ మంట ప్రమాదం కోసం పెట్టింది, ఆరోగ్యం కోసం కాదు. టోలీన్‌కి మంట అంటుకునే కనీస స్థాయి, అంటే ఎల్ఈఎల్, గాలిలో సుమారు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం. ఆ మీటర్ చూపించేది ఈ స్థాయిలో ఎన్నో శాతం అన్నది. ఒక్క శాతం చూపిస్తోందంటేనే గాలిలో 110 పీపీఎం ఉన్నట్టు, పరిమితి అప్పటికే దాటిపోయింది. అలారం పది శాతం దగ్గర పెట్టి ఉంటే అది మోగేసరికి పరిమితికి పదకొండు రెట్లు! కాబట్టి "ఎల్ఈఎల్ జీరో చూపిస్తోంది, ఏం ఫర్వాలేదు" అనే మాట ఎవరన్నా అంటే అక్కడే ఆపి ఈ లెక్క చెప్పండి.

రెండోది పీఐడీ, సాల్వెంట్ల లాంటి తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలను (వీఓసీ) కొలిచే, చేతిలో పట్టుకునే మీటర్. పీపీఎంలలో చూపిస్తుంది, చాలా ఉపయోగపడుతుంది. కానీ అందులో సాధారణంగా ఉండే 10.6 ఈవీ (కాంతి శక్తి కొలమానం) ల్యాంపు మిథనాల్‌నీ, డైక్లోరోమీథేన్‌నీ, క్లోరోఫామ్‌నీ చూడలేదు. వాటిని అయనీకరించడానికి అంతకంటే ఎక్కువ శక్తి కావాలి. మన ఫార్మాలో విరివిగా వాడేవి సరిగ్గా ఇవే. ముందు గాలి నిండా మిథనాల్ ఉన్నా మీటర్ సున్నా చూపిస్తుంది, చూసినవాడు ధైర్యంగా మాస్కు తీసేస్తాడు. మీ మీటర్ ల్యాంపు ఎంతో, దాని మాన్యువల్‌లో మీ సాల్వెంట్ ఉందో లేదో ముందే చూసుకోండి. టోలీన్, జైలీన్, అసిటోన్‌లను అది బాగానే పట్టుకుంటుంది, కరెక్షన్ ఫ్యాక్టర్ (ఒక్కో సాల్వెంట్‌కి వేరుగా ఉండే సవరణ గుణకం) మాత్రం వేయాలి. పీఐడీని ఎక్కడ లీకవుతోందో, ఏ పనిలో అంకె లేస్తోందో వెతకడానికి వాడండి. చట్టపరమైన పోలికకు అది చాలదు.

అసలైన కొలత అంటే మనిషి ఒంటికి తగిలించే చిన్న పంపు. బెల్టుకు పంపు, కాలర్ దగ్గర గాజు ట్యూబు. ట్యూబు ముక్కుకు ముప్పై సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఎందుకంటే మనిషి పీల్చే గాలి అక్కడిదే. గోడకో స్టాండుకో పెట్టిన శాంపిల్ బ్లాకు సంగతి చెబుతుంది గానీ మనిషి సంగతి చెప్పదు. నేను చూసినంతలో గాలి రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

ఈ పని ఎన్ఏబీఎల్ (ల్యాబులకు జాతీయ గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుతో చేయించండి. వాళ్లు వచ్చినరోజు మీరు పక్కనే ఉండి ఇవి చూసుకోండి. పంపు మంట ప్రమాదం ఉన్న ఏరియాలో వాడదగిన ఇంట్రిన్సికల్లీ సేఫ్ రకమేనా? పంపు ఫ్లోను శాంపిల్‌కి ముందు, తర్వాత రెండుసార్లూ క్యాలిబ్రేట్ చేశారా? తేడా 5 శాతం దాటితే ఆ శాంపిల్ పనికిరాదు. ట్యూబు సరైనదేనా? టోలీన్‌కి బొగ్గు ట్యూబు, మిథనాల్‌కి సిలికా జెల్ ట్యూబు. రెంటికీ ఒకే బొగ్గు ట్యూబు పెడితే మిథనాల్ అంకె తక్కువగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు.

లాగిన గాలి పరిమాణం కూడా ముఖ్యం. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ఇచ్చిన 1501 పద్ధతి ప్రకారం టోలీన్‌కి ఒక ట్యూబులో లాగాల్సింది 1 నుంచి 8 లీటర్లే. నిమిషానికి 20 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిపితే 4.8 లీటర్లు, సరిపోతుంది. తొందరపడి 200 మిల్లీలీటర్ల దగ్గర పెట్టి నాలుగు గంటలు వదిలేస్తే 48 లీటర్లు. ట్యూబు నిండి, వచ్చిన టోలీన్ వచ్చినట్టే వెనకనుంచి వెళ్లిపోతుంది. అందుకే ట్యూబులో ముందు భాగం, వెనక భాగం విడివిడిగా పరీక్షిస్తారు. వెనక భాగంలో దొరికింది ముందు భాగంలో పదో వంతు దాటితే శాంపిల్ పోయినట్టే. రిపోర్టులో ఈ రెండు అంకెలూ విడిగా అడగండి.

అన్‌లోడింగ్ లాంటి ఘాటైన పనికి విడిగా పదిహేను నిమిషాల శాంపిల్ తీయించండి. షిఫ్టంతటి శాంపిల్‌లో ఆ పావుగంట కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

లెక్క వేయండి

ఒక హెల్పర్ ఎనిమిది గంటల షిఫ్టు ఇలా గడిచిందనుకుందాం. అన్‌లోడింగ్‌లో రెండు గంటలు, 180 పీపీఎం టోలీన్. డ్రయ్యర్ దగ్గర నాలుగు గంటలు, 60. మిగిలిన రెండు గంటలు, 40. గంటలతో గుణించి కూడితే 360, 240, 80 కలిపి 680. ఎనిమిదితో భాగిస్తే 85. పరిమితి 100 కాబట్టి రిపోర్టు కింద "పరిమితిలోనే ఉంది" అని రాసి సంతకం పెట్టేస్తారు. కానీ అన్‌లోడింగ్ చేసిన రెండు గంటలూ అతను స్టెల్ అంకె 150 పైనే ఉన్నాడు. అది ఉల్లంఘన. సగటు అంకె ఒక్కటే చూస్తే ఇది కంటికి కనిపించదు.

ఇప్పుడు షిఫ్టు పన్నెండు గంటలు అనుకోండి. పట్టికలో అంకె ఎనిమిది గంటల పనికి, పదహారు గంటల విశ్రాంతికి వేసిన అంకె. పన్నెండు గంటల షిఫ్టులో నాలుగు గంటలు ఎక్కువ పీలుస్తాడు, ఒంట్లోంచి బయటకు పోవడానికి నాలుగు గంటలు తక్కువ దొరుకుతుంది. దీనికి బ్రీఫ్, స్కాలా అనే ఇద్దరు 1975లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. 8ని షిఫ్టు గంటలతో భాగించండి. 24లోంచి షిఫ్టు గంటలు తీసేసి, వచ్చినదాన్ని 16తో భాగించండి. రెంటినీ గుణించండి. పన్నెండు గంటలకు సరిగ్గా సగం వస్తుంది. అంటే టోలీన్ పరిమితి 100 కాస్తా 50 అవుతుంది. పై హెల్పర్ పీల్చిన 85ను దీనితో పోల్చి చూడండి. పన్నెండు గంటల షిఫ్టు నడిపే కంపెనీ రిపోర్టులో ఈ సవరణ లేకపోతే, ఆ పోలికే తప్పు.

గాలిలో ఒకటే ఉండటం అరుదు. ఒకే రకంగా హాని చేసేవి, ఉదాహరణకు తల తిరిగి మత్తు కలిగించే సాల్వెంట్లు, కలిసి ఉంటే వాటిని కలిపే లెక్కపెట్టాలి. ఒక్కోదాన్ని దాని పరిమితితో భాగించి కూడండి. టోలీన్ 50 ఉంది, 100తో భాగిస్తే 0.5. జైలీన్ 30, 100తో భాగిస్తే 0.3. అసిటోన్ 300, 750తో భాగిస్తే 0.4. మొత్తం 1.2. విడివిడిగా చూస్తే మూడూ సగానికి అటూఇటూగా ఉన్నాయి. కలిపితే ఒకటి దాటింది, అంటే పరిమితి దాటింది.

చివరగా, ఒక్కరోజు అంకె తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఇవాళ 40 వచ్చిన చోట రేపు 120 రావచ్చు. బ్యాచ్ మారుతుంది, గాలివాటం మారుతుంది, ఎండ మారుతుంది. ఐరోపావాళ్ల ఈఎన్ 689 ప్రమాణంలో మంచి పద్ధతి ఉంది. ఒకే పని చేసేవాళ్ల దగ్గర మూడు శాంపిళ్లే తీస్తే, మూడూ పరిమితిలో పదో వంతు లోపే ఉండాలి. నాలుగైతే 15 శాతం, ఐదైతే 20 శాతం లోపు. అప్పుడే బాగుందని నమ్మవచ్చు. అంతకంటే ఎక్కువొస్తే మరిన్ని శాంపిళ్లు తీయాలి. మన చట్టం ఇంత అడగదు, కానీ చేయకూడదని ఎవరూ అనలేదు. వీలైతే ఒక విడత శాంపిళ్లు నడి వేసవిలో తీయించండి.

ఎక్కువ వస్తే ఏం చేయాలి?

"మాస్కులు ఇచ్చాం సార్" అనేది మొదటి జవాబు కాకూడదు. పనిని మార్చడం గురించి ముందు ఆలోచించండి. డ్రమ్ము ఎత్తి పోసేచోట పంపుతో, మూసిన లైనులో పంపడం. మ్యాన్‌హోల్ తెరిచి పొడి వేసేచోట పౌడర్ ట్రాన్స్‌ఫర్ సిస్టమ్. శాంపిల్ కోసం మూత తెరవకుండా క్లోజ్డ్ శాంప్లర్. సెంట్రిఫ్యూజ్ కొత్తది కొనేటప్పుడు కింద నుంచి అన్‌లోడ్ అయ్యేది తీసుకోండి, లేదా నట్ష్ ఫిల్టర్ డ్రయ్యర్‌కి (వడకట్టడం, ఆరబెట్టడం ఒకే మూసిన పాత్రలో చేసేదానికి) మారండి. అప్పుడు తడి కేక్ మనిషి ముఖం ముందుకే రాదు. ఖర్చు పెద్దదే, కానీ ఫలితం కూడా అంత పెద్దది.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే ఎగ్జాస్ట్‌ని సరిచేయండి. హుడ్, అంటే గాలిని లాగే గొట్టం మూతి, ఆవిరి పుట్టేచోటికి అవతల, మనిషికి ఎదురువైపున ఉండాలి. లాగే గొట్టానికి దాని వ్యాసమంత దూరంలో గాలి వేగం మూతి దగ్గరున్న వేగంలో దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఎనిమిది అంగుళాల గొట్టం ఎనిమిది అంగుళాల దూరంలోనే దాదాపు పనికిరాకుండా పోతుందన్నమాట. కాబట్టి పెద్ద ఫ్యాను పెట్టేముందు గొట్టాన్ని దగ్గరకు జరపండి, చాలాసార్లు అంతే చాలు. లాగుతోందో లేదో చూడటానికి కొందరు అగరుబత్తి వెలిగిస్తారు. సాల్వెంట్ బ్లాకులో ఆ పని పొరపాటున కూడా చేయొద్దు. సన్నటి దారం పోగు చాలు, అది హుడ్ వైపు వంగుతుంది.

మాస్కుల విషయానికొస్తే, రుమాలు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఇవేవీ ఆవిరిని ఆపవు. ఎన్95 దుమ్ముకు మాత్రమే. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న హాఫ్ మాస్కు కావాలి, అది సరిగ్గా కుదిరితే పరిమితికి పది రెట్లదాకా పనిచేస్తుంది. గడ్డం ఉంటే కుదరదు. మిథనాల్, డైక్లోరోమీథేన్ లాంటి తొందరగా ఆవిరయ్యేవాటిని ఆ కార్ట్రిడ్జ్ ఎక్కువసేపు పట్టి ఉంచలేదు, వాటికి బయటి మంచి గాలిని గొట్టం ద్వారా అందించే ఎయిర్‌లైన్ మాస్కే గతి. కార్ట్రిడ్జ్ మార్చిన తేదీ దానిమీద మార్కర్‌తో రాయించండి.

ఈటీపీ ట్యాంకులు, సంపులు, రియాక్టర్ లోపలికి దిగే పని పూర్తిగా వేరు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది, వాసన పోయిందని దిగినవాడు తిరిగి లేవడు. పర్మిట్ లేకుండా, ఆక్సిజన్, గ్యాస్ రెండూ కొలవకుండా, పైన మనిషి లేకుండా ఎవర్నీ దిగనివ్వకండి. పడిపోయినవాణ్ని కాపాడదామని మాస్కు లేకుండా వెనకే ఇంకొకరు దూకడం వల్లే ఒకటికి రెండు మూడు ప్రాణాలు పోతున్నాయి. పైన నిలబడే మనిషికి ముందుగా నేర్పాల్సింది దిగొద్దని.

మార్పు ఏది చేసినా, అదే మనిషికి, అదే పనిలో మళ్లీ పంపు తగిలించి కొలవండి. ముందు అంకె, తర్వాత అంకె పక్కపక్కన రాసి బ్లాకు నోటీసు బోర్డులో పెట్టండి. తెలుగులో, అవసరమైతే హిందీ, ఒడియాల్లో కూడా.

మీరు కార్మికులైతే

మీరు వాడే రసాయనాల ప్రమాదం గురించి తెలుసుకునే హక్కు మీకు చట్టం ఇచ్చింది. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు పనిలో పెట్టకముందు, తర్వాత పన్నెండు నెలలకు మించని వ్యవధిలో ఒకసారి చొప్పున వైద్య పరీక్షలు చేయించాలని, ఆరోగ్య రికార్డు కార్మికుడికి అందుబాటులో ఉండాలని 1987 సవరణలోనే రాశారు. ప్రాణాపాయం కళ్లముందు ఉందనిపిస్తే పై అధికారులకు, సేఫ్టీ కమిటీకి, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పే హక్కు కూడా ఉంది. నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ వేసి కాగితం మీద ఇచ్చి, ఫొటో తీసి పెట్టుకోండి. ఒక్కరే ఇవ్వడానికి భయమైతే పదిమంది సంతకాలతో ఇవ్వండి.

రిపోర్టు చూపిస్తే అందులో వెతకాల్సినవి: శాంపిల్ మనిషి ఒంటి మీద తీశారా, గోడ దగ్గరా? ఏ పని జరుగుతుండగా? ఎంతసేపు? ఆ రోజు బ్యాచ్ నడిచిందా, ప్లాంట్ ఆగి ఉందా? షిఫ్టు ఎన్ని గంటలు? ఏ పరిమితితో పోల్చారు? వీటిలో దేనికి జవాబు లేకపోయినా అంకెను నమ్మాల్సిన పనిలేదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు, ఈఎస్ఐ డిస్పెన్సరీ అయినా ప్రైవేటు అయినా, తలనొప్పి అని మాత్రం చెప్పి మాత్రలు తెచ్చుకోకండి. ఏ బ్లాకులో, ఏ సాల్వెంట్‌తో, ఎన్నేళ్లుగా పని అన్నది చెప్పి ఓపీ చీటీ మీద రాయించండి. సెలవురోజు తగ్గి, డ్యూటీ ఎక్కగానే మళ్లీ వస్తోందా అన్నది కూడా చెప్పండి. డాక్టర్‌కి అన్నిటికంటే పనికొచ్చే సమాచారం అదే. వృత్తి వల్ల వచ్చిన జబ్బుకు పరిహారం అడగాలంటే, పదేళ్ల తర్వాత మీ చేతిలో ఉండే ఆధారాలు ఈ చీటీలే.

కంపెనీ మారేటప్పుడు పీఎఫ్ కాగితాలతోపాటు వైద్య పరీక్షల రిపోర్టుల కాపీలు కూడా అడిగి తీసుకోండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ బ్లాకులో, ఏమేం వాడారో ఒక పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టండి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి.